ఇంటికి ముస్తాబు.. మీకు ఉపాధి!

అమ్మకానికి పెట్టిన ఇంటిని కొనేవాళ్ల కంటికి ఆనేలా సిద్ధం చేయడమే హోమ్ స్టేజింగ్. అమెరికాలో ఇది యాభై ఏళ్ల పాత వృత్తి. మన దగ్గర ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. సివిల్ అయినా, సీఎస్ఈ అయినా, బీకాం అయినా మీకు ఇందులో పని దొరుకుతుందా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఇళ్ల అమ్మకాల వెబ్‌సైట్ ఏదైనా ఒకసారి తెరవండి. నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99 ఏకర్స్.. ఏదైనా సరే. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఒక ఏరియా ఎంచుకుని వరసగా ఇరవై రీసేల్ ఫ్లాట్ల ప్రకటనలు చూడండి. మంచం మీద మడతపెట్టని దుప్పట్లు, బాల్కనీలో ఆరేసిన బట్టలు, లైటు వేయని వంటగది, సగమే కనిపించే హాలు.. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పాత బైకును అమ్మకానికి పెట్టేముందు కూడా మనం కడిగి, తుడిచి, వెలుతురులో నిలబెట్టి ఫొటో తీస్తాం కదా! అరవై, ఎనభై లక్షల ఇంటి విషయానికి వచ్చేసరికి మాత్రం ‘కొనేవాళ్లు ఎలాగూ వచ్చి చూస్తారులే’ అని వదిలేస్తాం. ఫొటో చూసి పక్కకు జరిపేసినవాళ్లు ఇంటిదాకా రారు. చిక్కంతా అక్కడే.

ఈ ఖాళీని పూడ్చే పనికి డబ్బులిచ్చేవాళ్లు ఉంటారు. అది ఎవరు, ఎందుకు ఇస్తారో ముందు చూద్దాం.

అసలు ఎక్కడ పుట్టింది?

అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో బార్బ్ ష్వార్జ్ అనే రియల్ ఎస్టేట్ ఏజెంట్ 1972లో ఈ పద్ధతిని మొదలుపెట్టారు. అంతకుముందు ఆమెకు ఇంటీరియర్ డిజైన్‌తో పాటు నాటకరంగంతోనూ పరిచయం ఉంది. నాటకానికి వేదికను సిద్ధం చేసినట్టే అమ్మే ఇంటినీ సిద్ధం చేయాలన్నది ఆమె ఆలోచన. స్టేజింగ్ అనే మాట అలా వచ్చింది. ఇప్పుడు అక్కడ దీనికి ప్రత్యేక సంస్థలు, శిక్షణ కోర్సులు, వృత్తి సంఘాలు ఉన్నాయి. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం 2023లో విడుదల చేసిన సర్వేలో కొనుగోలుదారుల తరఫు ఏజెంట్లలో 81 శాతం మంది ఒకే మాట చెప్పారు.. ముస్తాబు చేసిన ఇల్లయితే, అందులో తాము ఉండబోయే తీరును ఊహించుకోవడం కొనేవాళ్లకు తేలికవుతుందని.

మనకూ ఇది పూర్తిగా కొత్తేం కాదు. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కడుతున్న పెద్ద ప్రాజెక్టులకు వెళ్తే ముందు మోడల్ ఫ్లాట్‌లోకే తీసుకెళ్తారు. మెత్తని లైట్లు, తక్కువ ఎత్తు సోఫా, టేబుల్ మీద నాలుగు పళ్లాలు.. అదంతా స్టేజింగే. బిల్డర్‌కు ఆ బడ్జెట్ ఉంటుంది. పదేళ్ల నాటి ఫ్లాట్‌ను అమ్ముకునే మధ్యతరగతి కుటుంబానికి ఆ సాయం చేసేవాళ్లే తక్కువ. మీకు అవకాశం ఉన్నది ఇక్కడే.

నెల ఆలస్యం ఖరీదెంత?

ఒక లెక్క వేద్దాం. యజమాని కొత్త ఇంట్లోకి మారిపోయారు. పాత ఫ్లాట్ ఖాళీగా ఉంది. దాని మీద ఇంకా రూ.40 లక్షల అప్పు ఉంది, వడ్డీ 8.5 శాతం అనుకుందాం. నెలకు వడ్డీయే రూ.28 వేలు దాటుతుంది. మెయింటెనెన్స్ చదరపు అడుగుకు మూడు రూపాయలు వేసుకున్నా 1,400 అడుగులకు రూ.4,200. అంటే ఇల్లు అమ్ముడవకుండా గడిచే ప్రతి నెలా రూ.32 వేలకు పైగా పోతుంది. నాలుగు నెలలైతే రూ.1.3 లక్షలు. దీనికితోడు, రూ.80 లక్షలు చెప్పిన ఇంటికి ‘గోడలు చూశారా, ఎంత పని ఉందో’ అంటూ రెండు శాతం తగ్గించమన్నా రూ.1.6 లక్షలు తగ్గినట్టే.

ఇల్లు అమ్ముకునేవాళ్లలో చాలామంది సరదాకి అమ్మరు. పిల్లల పైచదువో, ఆడపిల్ల పెళ్లో, అప్పో, ఇంట్లో పెద్దవాళ్ల వైద్యమో ఏదో ఒక అవసరం వెనకుంటుంది. వాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పగలిగితే మీ ఫీజు దండగ ఖర్చులా అనిపించదు. ముస్తాబు చేస్తే కచ్చితంగా ఇంత ఎక్కువ వస్తుందని మాత్రం ఎప్పుడూ మాటివ్వకండి. ఏరియా, ధర, కాగితాలు సరిగా లేకపోతే ఏ ముస్తాబూ ఇంటిని అమ్మిపెట్టదు.

పని ఎలా సాగుతుందంటే..

మియాపూర్‌లోనో, కూకట్‌పల్లిలోనో మూడో అంతస్తులో ఒక డబుల్ బెడ్రూం ఫ్లాట్ అనుకోండి. మీ చేతిలో రెండు వారాలు ఉన్నాయి. ఈ వరస గుర్తుపెట్టుకోండి: బాగుచేయడం, తీసేయడం, శుభ్రం చేయడం, వెలుతురు, అమరిక, ఫొటోలు. వరస మారితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ముందు నడవండి. లిఫ్ట్ దగ్గర నుంచి కొనేవాళ్లలా మొదలుపెట్టండి. గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉందా? కాలింగ్ బెల్ మోగుతోందా? తలుపు కిర్రుమంటోందా? ప్రతి గదిలో స్విచ్చులన్నీ వేసి చూడండి. కుళాయిలన్నీ తిప్పండి. ఫ్లష్ నొక్కండి. కిటికీలు తెరిచి మూయండి. కనిపించిన లోపమల్లా ఫొటోతో సహా ఒక షీట్‌లో రాయండి. కారే కుళాయి, విరిగిన స్విచ్చు, ఊగే తలుపు గొళ్లెం.. చూడ్డానికి ఇవి చిన్నవే. కానీ వీటిని చూసిన కొనుగోలుదారు ‘పైకి కనిపించేదే ఇలా ఉంటే లోపల ఇంకెలా ఉందో’ అనుకుంటారు. ఒక్క రోజు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, కార్పెంటర్ కూర్చుంటే తేలిపోయే పనులివి.

సగం సామాను బయటికి. ఇల్లు ఇరుగ్గా కనిపించడానికి చదరపు అడుగులు తక్కువ కావడం కంటే సామాను ఎక్కువ కావడమే కారణం చాలాసార్లు. సజ్జల మీది అట్టపెట్టెలు, బాల్కనీలో పాత సైకిల్, ఫ్రిజ్ మీద మందుల డబ్బాలు, గోడకు మూడేళ్ల క్యాలెండర్లు.. వీటిని అమ్మేయాలా, పారేయాలా, బంధువుల ఇంట్లో పెట్టాలా అన్నది ఇంటివాళ్లు తేల్చుకోవాలి. బాల్కనీ బాల్కనీలాగే కనిపించాలి, స్టోర్ రూంలా కాదు.

ఇక్కడ మాట తీరు ముఖ్యం. హాల్లో దండ వేసిన ఫొటో ఉంటుంది. పాతికేళ్ల కాపురంలో కొన్న సామాను ఉంటుంది. ‘ఇవన్నీ తీసేయాలండీ’ అని ఒక్కమాటలో తేల్చేస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. ‘ఆంటీ, ఫొటోలు తీసేంతవరకు దీన్ని లోపల గదిలో జాగ్రత్తగా పెడదామా?’ అని అడిగి చూడండి. వస్తువును ముట్టుకునే ముందు అనుమతి తీసుకోండి. ఈ పనిలో పేరు వచ్చేదీ, పోయేదీ ఎక్కువగా ఇలాంటి చోటే.

శుభ్రం చేయడంలో కెమిస్ట్రీ. బోరు నీళ్ల వల్ల కుళాయిల మీద, బాత్రూం టైల్స్ మీద తెల్లటి మచ్చలు పేరుకుంటాయి. వెనిగర్ గానీ, నీళ్లలో కలిపిన నిమ్మ ఉప్పు గానీ రాసి కాసేపు ఉంచి తోమితే చాలావరకు వదులుతాయి. అదే ద్రావణం మార్బుల్ మీద పడితే మెరుపు పోతుంది, జాగ్రత్త. టాయిలెట్ యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎప్పుడూ కలపకండి. కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. వంటగదిలో పొయ్యి వెనక గోడ, చిమ్నీ జాలీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్.. ఈ మూడింటి జిడ్డు వదిలితే ఇల్లు కొత్తగా కనిపిస్తుంది. వాసన సంగతి ఇంట్లో ఉండేవాళ్లకు తెలియదు, బయటినుంచి వచ్చేవాళ్లకే తెలుస్తుంది. రూం స్ప్రే కొట్టేకన్నా ఓ గంటసేపు కిటికీలు తెరిచి ఉంచడం మేలు.

లైట్లు ఒకే రకం. బల్బు డబ్బా మీద 3000కె, 4000కె, 6500కె అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు నుంచి నీలంపు తెలుపు వైపు వెళ్తుంది. ఒకే హాల్లో ఒకటి పసుపు, ఒకటి తెలుపు ఉంటే ఫొటోలో గోడ రంగు మచ్చలుగా కనిపిస్తుంది. ఒక గదిలో బల్బులన్నీ ఒకే అంకెవి పెట్టండి. పడకగదికి 3000, వంటగదికి 4000 చక్కగా సరిపోతాయి. మందపాటి పరదాలు పక్కకు లాగి, కిటికీ అద్దాలు తుడిస్తే సగం పని అయినట్టే.

ప్రతి గదికీ ఒక పని. రెండో పడకగదిలో ఇస్త్రీ బల్ల, పాత కంప్యూటర్, బియ్యం బస్తా కలిసి ఉంటే అది ఏ గదో ఎవరికీ అర్థం కాదు. ఒక బల్ల, కుర్చీ, దీపం పెట్టి చదువుకునే గదిగా చూపించండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, పిల్లలున్నవాళ్లు వెంటనే కలిసిపోతారు. ఖాళీ ఫ్లాట్ అయితే ఫర్నీచర్ మొత్తం కొనక్కర్లేదు. అద్దెకిచ్చే ఫర్లెంకో, రెంటోమోజో లాంటి సంస్థలు ఉన్నాయి. హాలు, ఒక పడకగది అమర్చినా చాలు. పూజగది మాత్రం మన దగ్గర చాలా కుటుంబాలు ముందు అడిగే గది. దాన్ని స్టోర్‌గా వాడుతుంటే ఖాళీ చేయించి, శుభ్రం చేసి చూపండి. వాస్తు గురించి అడిగితే ఉన్న దిక్కులు ఉన్నట్టే చెప్పండి.

ఫొటోలు. ఫోన్ చాలు. ఉదయం తొమ్మిది, పది గంటల వెలుతురులో, ఫోన్‌ను అడ్డంగా, ఛాతీ ఎత్తులో పట్టుకుని, గది మూల నుంచి తీయండి. గోడల అంచులు నిటారుగా ఉండాలి, దీనికి కెమెరా గ్రిడ్ ఆన్ చేసుకోండి. 0.5 లెన్స్‌తో తీస్తే పదడుగుల గది హాలంత కనిపిస్తుంది. వచ్చి చూసినవాళ్లు మోసపోయామనుకుంటారు. మామూలు లెన్స్‌తో రెండు మూలల నుంచి రెండు ఫొటోలు తీయడం నయం. అప్‌లోడ్ చేసేటప్పుడు గుమ్మం, హాలు, వంటగది, పడకగదులు, బాల్కనీ.. ఇలా ఇంట్లో నడిచే వరసలో పెట్టండి. పిల్లల ఫొటోలు, బీరువా తాళాలు, ఆధార్ కాగితాలు ఫ్రేములో పడకుండా చూడటం కూడా మీ బాధ్యతే.

దాచడం మన పని కాదు

గోడకు చెమ్మ ఉంది. పుట్టీ ఉబ్బింది. యజమాని ‘ఒక కోటింగ్ వేసేద్దాం, కనపడదు’ అంటారు. ఈ మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. వచ్చే వానాకాలానికి ఆ రంగు మళ్లీ పొరలుగా లేస్తుంది. అప్పటికి ఆ ఇంట్లో ఉండేది జీవితకాలపు పొదుపు పోసి కొన్న మరో కుటుంబం.

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, ఆస్తిలో తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవాళ్లు వెల్లడించాలి. కాబట్టి ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టండి. పై ఫ్లాట్ బాత్రూం కీళ్లా, బయటి పైపా, కిటికీ అంచా? బాగుచేయించి, బిల్లు ఫైల్లో పెట్టి, ఆ తర్వాత రంగు వేయించండి. ‘ఇక్కడ లీకేజీ ఉండేది, ఫలానా నెలలో బాగుచేయించాం, ఇదిగో బిల్లు’ అని చూపిస్తే కొనేవాళ్లకు భయం తగ్గి నమ్మకం పెరుగుతుంది. వినకుండా దాచేద్దామనే యజమాని పని వదులుకోండి. మన పని ఇంట్లో ఉన్న మంచిని కనిపించేలా చేయడం వరకే.

కాగితాల ముస్తాబూ ఇందులో భాగమే. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదు, అసోసియేషన్ బకాయిలు లేవన్న లేఖ, లోన్ ఉంటే స్టేట్‌మెంట్.. అన్నీ ఒక ఫోల్డర్‌లో వరసగా పెట్టించండి. ఇల్లు నచ్చిన కుటుంబం కాగితాల కోసం వారాల తరబడి తిరగాల్సి వస్తే మనసు మార్చుకుంటుంది. వాటిలో న్యాయపరమైన తప్పొప్పులు తేల్చేది మాత్రం లాయరే.

కంప్యూటర్‌లో ముస్తాబు

ఖాళీ గది ఫొటోలో సాఫ్ట్‌వేర్‌తో సోఫా, మంచం, పరదాలు పెట్టడాన్ని వర్చువల్ స్టేజింగ్ అంటారు. ఏఐ వచ్చాక ఇది నిమిషాల పని అయిపోయింది. ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ. ప్రమాదం కూడా అంతే ఉంది. సోఫా పెట్టిన చేత్తోనే పగుళ్లు చెరిపేయొచ్చు, ఎదుటి గోడ తీసేసి చెట్లు పెట్టొచ్చు. అందుకే కాలిఫోర్నియా ఒక చట్టం తెచ్చింది. 2026 జనవరి 1 నుంచి అక్కడ ఇళ్ల ప్రకటనల్లో డిజిటల్‌గా మార్చిన ఫొటో వాడితే ఆ సంగతి చెప్పాలి, అసలు ఫొటో కూడా అందుబాటులో ఉంచాలి. ఇక్కడ ఎవరూ అడగకపోయినా మీరు అదే పద్ధతి పాటించండి. ‘ఫర్నీచర్ ఊహాచిత్రం’ అని ఫొటో మీదే రాయండి, పక్కనే ఖాళీ గది ఫొటో పెట్టండి.

ఫ్లోర్ ప్లాన్ ఇంకో మంచి పని. మన రీసేల్ ప్రకటనల్లో అది అరుదు. లేజర్ మీటర్‌తో గదులు కొలిచి, ఉచితంగా దొరికే స్వీట్ హోమ్ 3డి లాంటి సాఫ్ట్‌వేర్‌లో గీయొచ్చు. మనవాళ్లు ఎక్కువగా సూపర్ బిల్టప్ ఏరియాలో మాట్లాడతారు. రెరా చట్టం కార్పెట్ ఏరియాను నిర్వచించింది. అందులో లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. రెండు అంకెలూ విడివిడిగా ఇస్తే కొనేవాళ్లకు స్పష్టత ఉంటుంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి ఫ్లాట్ అమ్ముకుంటున్న, కొంటున్న కుటుంబాలకు ప్లాన్, నడక వీడియో ఉంటే ఫోన్లోనే సగం నిర్ణయం అయిపోతుంది.

ఎవరికి ఏ పని?

- సివిల్, ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ విద్యార్థులు: లోపాల తనిఖీ, రిపేర్ల అంచనా, ఫ్లోర్ ప్లాన్, రంగులు, అమరిక.
- సీఎస్ఈ, ఐటీ: వర్చువల్ స్టేజింగ్, 3డి టూర్, ఏజెంట్లకు లిస్టింగ్ పేజీలు.
- ఫొటోగ్రఫీ, మాస్ కమ్యూనికేషన్: ఫొటోలు, చిన్న వీడియోలు, ప్రకటన రాయడం.
- బీకాం, బీబీఏ: అంచనాలు, పనివాళ్ల షెడ్యూల్, అద్దె ఫర్నీచర్ లెక్కలు, క్లయింట్లతో మాట్లాడటం.

‘హోమ్ స్టేజర్ కావలెను’ అన్న ప్రకటన కోసం చూస్తూ కూర్చుంటే మన దగ్గర అరుదుగా దొరుకుతుంది. ఇదే పని ఇంటీరియర్ స్టైలిస్ట్, ప్రాపర్టీ ఫొటోగ్రాఫర్, 3డి విజువలైజర్, లిస్టింగ్ ఎగ్జిక్యూటివ్, సైట్ మార్కెటింగ్ అన్న పేర్లతో ఉంటుంది. ఆ పదాలతో వెతకండి. ఇంటీరియర్ సంస్థలు, బిల్డర్ల మార్కెటింగ్ విభాగాలు, ప్రాపర్టీ పోర్టళ్లు, పెద్ద బ్రోకరేజీలు.. ఈ నాలుగు చోట్లా అడగండి. ఒక్క స్టేజింగ్ మీదే నెలంతా పని దొరకకపోవచ్చు. ఇంటీరియర్ ఫొటోగ్రఫీ, అద్దె ఇళ్ల సిద్ధం, హోమ్‌స్టేల ఫొటోలు కలుపుకుంటే ఆదాయం నిలకడగా ఉంటుంది.

మొదటి క్లయింట్ దాకా..

పోర్ట్‌ఫోలియో లేకుండా ఎవరూ ఇల్లు అప్పగించరు. అందుకే మొదటి ఇల్లు మీదే, రెండోది మేనమామదో, స్నేహితులదో చేయండి. ఒకే మూల నుంచి ‘ముందు’, ‘తర్వాత’ ఫొటోలు తీయండి. కింద చేసిన పని, పట్టిన రోజులు, అయిన ఖర్చు రాయండి. ఇలాంటివి నాలుగు సిద్ధమైతే మీ ఏరియాలో రీసేల్ చేసే ఏజెంట్ల దగ్గరికి వెళ్లండి. నెలలుగా అమ్ముడవని ఫ్లాట్లు ప్రతి ఏజెంట్ దగ్గరా రెండు మూడైనా ఉంటాయి. వాటిలో ఒకటి అడగండి.

ఫీజును మూడుగా విడగొట్టి చెప్పండి: వచ్చి చూసి, చేయాల్సినవాటి జాబితా ఇచ్చినందుకు ఒకటి, దగ్గరుండి చేయించినందుకు ఒకటి, ఫొటోలు, ప్లాన్‌కు ఒకటి. చాలామంది మొదటిదానితోనే మొదలుపెడతారు, ఫర్వాలేదు. రిపేర్లు, సామాను ఖర్చు యజమాని నేరుగా చెల్లించేలా పెట్టుకోండి. ఏం చేస్తారో, ఎన్ని రోజుల్లో చేస్తారో, ఏదైనా పగిలితే ఎవరిదో ఒక పేజీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఇల్లు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం వేరే వృత్తి. రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టుల్లో అమ్మకాలకు మధ్యవర్తిత్వం చేసే ఏజెంట్లు తామూ రెరాలో నమోదు కావాలి. ఆ గీత దాటకండి.

కాలం కూడా చూసుకోండి. ఆషాఢంలో, మూఢాల్లో ఇల్లు కొనడానికి మనవాళ్లు వెనకాడతారు. ఏజెంట్లకు తీరిక దొరికేదీ, యజమానులు రిపేర్లు చేయించుకోవడానికి వీలయ్యేదీ అప్పుడే. శ్రావణం వచ్చేసరికి ఫొటోలు పోర్టల్‌లో ఉండేలా ప్లాన్ చేయండి.

ముందుగా ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక గది తీసుకోండి. ముందు ఒక ఫొటో తీయండి. సామాను సగం తగ్గించి, బల్బులు మార్చి, కిటికీ తుడిచి, అదే మూల నుంచి ఇంకో ఫొటో తీయండి. రెండూ మీ అమ్మగారికి చూపించి, ‘ఏ ఇల్లయితే కొంటావు?’ అని అడగండి. ఆవిడ చెప్పే జవాబు, దానికి చెప్పే కారణం నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే.